వియ్యపురాలి ఒడిలో దొరసాని

పాత ప్రింటింగ్ ప్రెస్సు షెడ్డులో నడిచే ఆ పిల్లుల షెల్టర్‌లో టైలరమ్మ మాటంటే మాటే. షెల్టర్ పెట్టింది డాక్టరమ్మ అయినా, దాన్ని నిలబెట్టింది మాత్రం టైలరమ్మేనని అక్కడికి వచ్చేవాళ్లంతా ఒప్పుకునేవారు. వాళ్లు అలా అన్నప్పుడల్లా ఆమె "అబ్బే, నాదేముంది?" అనేది గానీ, ఆ మాట ఇంకోసారి చెవిన పడేదాకా అక్కడినుంచి కదిలేది కాదు.

బస్టాండు వెనక వీధిలో ఆమెకు చిన్న కుట్టు షాపు ఉంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, కర్టెన్లు కుట్టడం ఆమె పని. మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే షట్టరు సగానికి దించి షెల్టర్‌కి నడిచేది. పిల్లుల ఇసుక తట్టలు కడిగేది. జబ్బు పిల్లులకు దవడ పక్కనుంచి మందు పట్టేది. షాపులో మిగిలిన గుడ్డముక్కలతో వాటికి పరుపులు కుట్టేది. వీధిపిల్లుల్ని బోనుతో పట్టి, పిల్లలు పుట్టకుండా డాక్టరమ్మ చేత ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కత్తిరించాక పట్టిన చోటే మళ్లీ వదిలి రావడంలో ఆమెకు ఆమే సాటి. ఎవరైనా పిల్లిని పెంచుకుంటామని వస్తే, ముందుగా వాళ్ల ఇల్లు చూసొచ్చి ఇవ్వొచ్చో ఇవ్వకూడదో తేల్చేది కూడా ఆమే.

ఒక్క దొరసాని దగ్గరే ఆమె పప్పులు ఉడకలేదు.

దొరసాని బూడిదరంగు ఆడపిల్లి. దాన్ని పెంచినవాళ్లు ఇల్లు మారిపోతూ గుమ్మం బయట వదిలేసి వెళ్లారు. షెల్టర్‌కి వచ్చిన రోజే వెనక గదిలో ఇనపబీరువా చాటుకి దూరింది. మనిషి అలికిడి ఉన్నంతసేపూ బయటికి వచ్చేది కాదు. చాటునుంచి అది చూసే చూపు చూసి టైలరమ్మే దానికి ఆ పేరు పెట్టింది. చలికాలమంతా రోజూ కాసేపు ఆ బీరువా ముందు చాప మీద కూర్చుని, అరచేతిలో ఉడికించిన చేపముక్క పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా ఎదురుచూసేది. కాళ్లు తిమ్మిరెక్కేవి. నడుం పట్టేసేది. ఎండలు మొదలయ్యేసరికి దొరసాని కాస్త దయతలచి, మూతి మాత్రం బయటపెట్టి, ముక్క లాక్కుని మళ్లీ చాటుకి పోవడం నేర్చింది. టైలరమ్మకు అదే పదివేలు.

"వస్తుంది. వస్తే నా దగ్గరికే వస్తుంది. దానికీ తొందర్లేదు, నాకూ లేదు," అనేది అందరితో.

ఆ ఎండాకాలంలోనే ఆమె ఒక్కగానొక్క కూతురి పెళ్లయింది.

అల్లుడు నెమ్మదస్తుడు. వియ్యపురాలు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పే ఉద్యోగం చేసి అప్పుడే రిటైరైంది. భర్త లేడు. కొడుకూ కోడలితోనే ఉంటుంది. ఆవిడ గొంతు ఎలాంటిదంటే, రైలు మూడు గంటలు ఆలస్యమని చెప్పినా జనం తిట్టుకోవడం మరిచి వినేవారట. టైలరమ్మ గొంతు కుట్టుమిషను మోతను మించి అరిచీ అరిచీ గరగరలాడిపోయింది. ఆమె ఎవరి చెవిలోనైనా రహస్యం చెబితే పక్క షాపులో వాళ్లు జవాబిచ్చేవారు.

పెళ్లయిన కొత్తలో కూతురి ఫోను కోసం ఆమె పని ఆపి కూర్చునేది. రానురాను ఆ ఫోన్లలో 'మా అత్తయ్య' ఎక్కువైంది. మా అత్తయ్య ఈ రంగు నాకు బావుంటుందంది. మా అత్తయ్యా నేనూ సినిమాకి వెళ్లాం. నిన్న తలనొప్పిగా ఉంటే మా అత్తయ్య తల నిమిరింది, ఇట్టే నిద్రపట్టేసింది.

"నేను నిమిరితే పట్టేది కాదా?" అంది టైలరమ్మ.

"నీ వేళ్లు సూదిపోట్లతో గరుగ్గా ఉంటాయి కదమ్మా. జుట్టు చిక్కుకునేది," అని నవ్వింది కూతురు.

నవ్వులాటకు అన్న మాటే. కానీ అది ముల్లులా దిగి లోపలే ఉండిపోయింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు టైలరమ్మ గుండీ కుట్టినప్పుడల్లా తన వేళ్ల కొసలు చూసుకుంది.

పుండు మీద కారం చల్లినట్టు కూతురే ఒకరోజు అడిగింది. "అత్తయ్యకి ఇంట్లో పొద్దుపోవట్లేదమ్మా. నీతోపాటు షెల్టర్‌కి తీసుకెళ్లకూడదూ? చేతిసాయం చేస్తుంది, నీకూ తోడు."

కాదనడానికి టైలరమ్మ నాలుగు వైపులా వెతికింది. సాకు దొరకలేదు.

వియ్యపురాలు ఇస్త్రీ చీరలో, భుజం మీద పల్చటి శాలువాతో వచ్చింది. డాక్టరమ్మ ఆవిడకు అప్పటికప్పుడే 'స్టేషనమ్మ' అని పేరు పెట్టేసింది. టైలరమ్మ ఇసుక తట్టలు చూపించింది, ఈ మనిషి ముక్కు మూసుకుని సాయంత్రానికి పారిపోతుందని. ఆవిడ ముక్కు మూసుకోలేదు. చీర చెంగు నడుముకి దోపి, చీపురు ఎక్కడుందని అడిగి, అన్నీ కడిగింది. ఆఖరికి వెనక గది తుడుస్తూ, అలవాటు కొద్దీ తనలో తనే మాట్లాడుకోవడం మొదలుపెట్టింది.

"ఇక్కడ తుడిచేశాం. ఇక ఆ మూల తుడుద్దాం. ఎవరమ్మా అక్కడ? నువ్వేనా? ఉండు, నీ జోలికి రాన్లే. నీ చోటు నీదే."

టైలరమ్మ గుమ్మంలో తువ్వాళ్లు మడతపెడుతోంది. బీరువా చాటునుంచి ముందు మూతి వచ్చింది. తర్వాత మెడ. ఆ తర్వాత, చలికాలమంతా ఆమె కంటబడని ఆ ఒళ్లంతా బయటికి వచ్చింది. దొరసాని తడినేల మీద ఆచితూచి అడుగులు వేస్తూ వెళ్లి, స్టేషనమ్మ కాలికి తల రాసింది. ఆవిడ నేల మీద చతికిలబడగానే ఒడిలోకి ఎక్కి, ఒకసారి గుండ్రంగా తిరిగి, శాలువా కొంగు మీద ముడుచుకుని పడుకుంది.

"వదినగారూ," అంది స్టేషనమ్మ కదలకుండా, "ఇది ఎప్పుడూ ఇంతేనా? ఇట్టే చనువైపోతుందా?"

టైలరమ్మ చేతిలో తువ్వాలు నలిగిపోయింది. "ఆఁ, ఇంతే. అందరి దగ్గరికీ వస్తుంది," అంది.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. నెల తిరక్కుండా షెల్టర్‌లో ఎవరి నోట విన్నా స్టేషనమ్మే. భయపడ్డ పిల్లి వస్తే స్టేషనమ్మను పిలవండి. ఆపరేషన్ నుంచి తేరుకుంటున్న పిల్లి పక్కన స్టేషనమ్మను కూర్చోబెట్టండి. ఆదివారాలు కూతురు కూడా వచ్చేది. వచ్చి, "అమ్మా, బావున్నావా?" అని అడుగుతూనే వెనక గదిలోకి వెళ్లేది. అక్కడ అత్తాకోడళ్లిద్దరూ గోడకి ఆనుకుని కూర్చుంటే, మధ్యలో దొరసాని కాళ్లు బారచాపి పడుకునేది. తలుపు సందులోంచి ఆ ముగ్గురినీ చూస్తుంటే టైలరమ్మకు కడుపులో నిప్పులు పోసినట్టుండేది. ఆ ముగ్గురిలో ఇద్దరు తనవాళ్లు. ఎవర్ని చూసి ఎక్కువ మండుతోందో ఆమెకే తెలియదు.

ఇంట్లో ఆమె కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, భర్త టీవీ చూస్తూనే అన్నాడు. "ఏమే, వియ్యపురాలితో గొడవా?"

"ఆవిడతో నాకేం గొడవ? ఆవిడ దేవత."

"అదేగా గొడవ!" అన్నాడాయన. ఆ పూట ఆయనకు కూరలో ఉప్పు పడలేదు.

వానలు మొదలయ్యే ముందు స్టేషనమ్మ డాక్టరమ్మను అడిగింది, దొరసానిని తను పెంచుకుంటానని. డాక్టరమ్మ సంతోషపడి, "రూలు రూలే. మీ ఇల్లు టైలరమ్మ చూసి రావాలి," అంది నవ్వుతూ. వియ్యపురాలి ఇల్లు వియ్యపురాలు చూడటం లాంఛనమేనని అందరూ అనుకున్నారు.

టైలరమ్మ వెళ్లింది. ఎప్పుడూ వెళ్లే ఇల్లే. కానీ ఆ రోజు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నప్పటి నుంచే కోడిగుడ్డుకి ఈకలు పీకడం మొదలుపెట్టింది. హాల్లో పిల్లి గోళ్లు గీరుకోవడానికి స్టూలు కాలికి తాడు చుట్టి ఉంది. బాత్‌రూమ్ పక్కన ఇసుక తట్ట సిద్ధంగా ఉంది. బాల్కనీకి వల బిగించి ఉంది. కూతురి గదిలో మంచం పక్కన అత్తగారి కళ్లజోడు కనిపించింది. అది అక్కడెందుకుందో అడగలేదు గానీ, చూసింది. ఆఖరికి వంటింటి కిటికీ దోమతెర ఒక మూల ఊడి, బొటనవేలు పట్టేంత సందు కనిపించింది. నాలుగు కుట్లు వేస్తే సరిపోయే పని. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి.

బ్యాగు తెరవలేదు. టీ తాగి వచ్చేసింది.

"ఆ ఇల్లు పిల్లికి క్షేమం కాదు డాక్టరమ్మా," అంది మర్నాడు. "కిటికీలన్నీ వదులు. పైగా మూడో అంతస్తు. రేపు ఏదైనా అయితే మనదే పాపం."

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది గానీ, ఇన్నేళ్లలో టైలరమ్మ మాటను తిరగదోడిన పాపాన పోలేదు.

అక్కడితో ఆగినా బావుండేది. ఆ వారమే కొత్తగా కాపురం పెట్టిన జంట ఒకటి షెల్టర్‌కి వచ్చింది. తమ సోఫాకి నప్పేలా బూడిదరంగు పిల్లి కావాలన్నారు. ఇంకెప్పుడైనా అయితే, సోఫాకి నప్పాలంటే కవరు కుట్టించుకోండి అని గుమ్మందాకా సాగనంపేదే. ఆ రోజు మాత్రం వాళ్లని కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడింది. వాళ్ల ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి "బాగానే ఉంది" అని వచ్చేసింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, తనను ఎవరూ చూడటం లేదనుకుంది. స్టేషనమ్మ రాని పూట చూసి దొరసానిని బుట్టలో పెట్టి పంపేసింది. బుట్టలో అది అరవలేదు. వెనక్కి తిరిగి ముడుచుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం స్టేషనమ్మ వచ్చి బీరువా చాటున ఖాళీ మూల చూసింది. "మంచి ఇల్లేనా వదినగారూ?" అని మాత్రం అడిగింది.

"చాలా మంచి ఇల్లు."

నాలుగు రోజులైనా గడవకముందే ఆ జంట ఫోన్ చేసింది. ఎవరో వీధి తలుపు వేయడం మరిచారట. పిల్లి కనిపించడం లేదు.

టైలరమ్మ షాపు మూసేసి పరుగెత్తింది. ఆ వీధిలో కార్ల కింద, మెట్ల కింద, చెత్తకుండీల వెనక వెతికింది. వాన పడుతూనే ఉంది. ఇంటింటికీ వెళ్లి అడిగింది. గరగర గొంతుతో "దొరసానీ" అని పిలుస్తుంటే తలుపులు తీసినవాళ్లు ఎగాదిగా చూశారు. తడిసి ముద్దయి షెల్టర్‌కి తిరిగి వచ్చేసరికి, ఉతికే గదిలో స్టేషనమ్మ నిలబడి ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టుంది.

"మా కిటికీ వదులన్నారట," అంది ఆవిడ.

టైలరమ్మ తువ్వాలు అందుకుని తల తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"మీరు వచ్చి వెళ్లిన రోజే నేనూ చూశాను ఆ సందు. చూసుకుని అప్పుడే కుట్టేశాను. నాకు కుట్టడం రాదు, చెప్పులు కుట్టినట్టు కుట్టాను. మీరు చెబుతారేమో, మళ్లీ చూస్తారేమో అని ఎదురుచూశాను." ఆవిడ గొంతు హెచ్చలేదు. అదే మరీ కష్టంగా ఉంది. "అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నా మీద కోపముంటే నన్ను నాలుగు మాటలనండి వదినగారూ, పడతాను. నోరులేని దాన్ని ఎందుకు వీధిలో పడేశారు?"

"అమ్మాయికి తెలుసా?" అని అడిగింది టైలరమ్మ.

"చెప్పలేదు. చెప్పను కూడా."

చెప్పేస్తే బావుండుననిపించింది టైలరమ్మకు. కూతురు వచ్చి కడిగేస్తే తను ఎదురు తిరిగి ఏడ్చేది, అరిచేది. ఈ పెద్దమనిషితనం ముందు ఏడవడానికి కూడా చోటు లేదు. తప్పు తనదేనని తెలిసి కూడా, ఆ క్షణాన ఆవిడ మంచితనాన్ని చూసి ఇంకా మండింది.

రెండు రోజుల తర్వాత కబురు వచ్చింది. ఆ జంట ఇంటికి రెండు వీధుల అవతల పెద్ద లాండ్రీ ఉంది. దాని వెనక వేడి గొట్టాల కింద బూడిదరంగు పిల్లిని చూశామని అక్కడ ఇస్త్రీ చేసేవాళ్లు చెప్పారు. తెల్లారుతూనే వియ్యపురాళ్లిద్దరూ వెళ్లారు. దొరసాని అక్కడే ఉంది. బురదకొట్టుకుని, ముందుకాలు ఎత్తిపట్టి, గొట్టాల అడుగున మరీ లోపలికి ముడుచుకుని ఉంది.

స్టేషనమ్మ వంగి మెల్లగా పిలిచింది. చెవులు కదిలాయి. అది రెండడుగులు వేసింది కూడా. అంతలో లాండ్రీ లోపల మిషన్లు మొదలయ్యాయి. గొట్టాలు బుస్సుమన్నాయి. దొరసాని మెరుపులా వెనక్కి పోయింది. స్టేషనమ్మ ఇంకోసారి పిలిచింది, అది ఇంకోసారి వచ్చింది. తోపుడుబండి చప్పుడుకి మళ్లీ పోయింది.

"ఇలా కాదు. చేత్తో పట్టబోతే ఈసారి ఊరు దాటిపోతుంది. బోను పెట్టాలి," అంది టైలరమ్మ.

బోను తెచ్చి గోడవారగా పెట్టింది. లోపల చివర చేపముక్క పెట్టింది. దొరసాని బోను చుట్టూ వాసన చూసి, ఇనప నేల మీద కాలు పెట్టి, తీసేసి, వెళ్లిపోయింది. బోను లోపల అది నమ్మే వాసన ఏదైనా ఉండాలి. తెలిసిన మనిషి గుడ్డ పరిస్తే బెదిరిన పిల్లి కూడా లోపలికి అడుగుపెడుతుందని కొత్తగా వచ్చేవాళ్లందరికీ నేర్పింది తనే. టైలరమ్మ భుజం మీద ఆమె సొంత తువ్వాలు ఉంది. ఒక చలికాలమంతా ఆ తువ్వాలు వేసుకునే దాని ముందు కూర్చుంది. చేయి తువ్వాలు మీదికి వెళ్లింది. పరవొచ్చు. పరిస్తే, అది వస్తే...

రాదని ఆమెకు తెలుసు. అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

"మీ శాలువా ఇవ్వండి వదినగారూ," అంది. "మీ ఒంటిమీదున్నదే. ఉతికింది కాదు."

స్టేషనమ్మ శాలువా తీసి ఇచ్చింది. టైలరమ్మ దాన్ని బోను నిండా పరిచి, ముడతలు సర్ది, ఒక కొస బోను గుమ్మం బయటికి వచ్చేట్టు వదిలింది. ఇద్దరూ మాసిన దుప్పట్ల మూటల వెనక నక్కి కూర్చున్నారు. వాన తుంపర పడుతోంది. శాలువా లేక స్టేషనమ్మ వణుకుతుంటే, టైలరమ్మ తన తువ్వాలు తీసి ఆవిడ భుజాల మీద వేసింది.

చాలాసేపటికి దొరసాని వచ్చింది. శాలువా కొసను వాసన చూసింది. దాన్ని ముందుకాళ్లతో రెండుసార్లు తొక్కి, అలా తొక్కుతూనే లోపలికి నడిచింది. తలుపు పడింది. స్టేషనమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. టైలరమ్మ లేచి, బోను మీద గుడ్డ కప్పి, తాళం సరిచూసి, ఒక్కతే దాన్ని ఆటో దాకా మోసుకెళ్లింది. ఆ బరువు ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

దొరసాని కాలు బెణికిందే గానీ విరగలేదు. కట్టు కట్టాక అది తిన్నగా స్టేషనమ్మ ఇంటికే వెళ్లింది. ఈసారి ఎవరూ ఇల్లు చూడలేదు.

"ఇక ఇళ్లు చూసే పని నాకొద్దు డాక్టరమ్మా," అంది టైలరమ్మ. "నా కళ్లు సరిగా కనిపించట్లేదు."

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "దూరానివా, దగ్గరివా?"

"దగ్గరివే."

"సరే. కొన్నాళ్లు వేరేవాళ్లు చూస్తారు," అంది డాక్టరమ్మ.

అసూయ పోయిందా అంటే, పోలేదు. కూతురి ఇంటికి వెళ్లినప్పుడు దొరసాని వచ్చి టైలరమ్మ చీర అంచు వాసన చూసి, ఎవరో గుర్తుపట్టినట్టే తలెత్తి, వెంటనే వెళ్లి వియ్యపురాలి ఒడిలో కూర్చునేది. ప్రతిసారీ అదే చోట చురుక్కుమనేది. కానీ ఇప్పుడు టీ తాగడం ఆపేది కాదు. ఒకసారి కూతురు ఆమె పక్కన చేరి, "ఏంటమ్మా ఈమధ్య అంత నెమ్మదిగా ఉన్నావు?" అంటూ ఒళ్లో తలపెట్టుకుంది. టైలరమ్మ వేళ్లు తల మీదికి వెళ్లబోయి ఆగాయి.

"ఆపావేం? నిమురు," అంది కూతురు.

"జుట్టు చిక్కుకుంటుందన్నావుగా."

"చిక్కుకుంటే చిక్కుకుంటుంది. నిమరవే అమ్మా," అంది కూతురు విసుగ్గా. టైలరమ్మ నిమిరింది. అవతలి కుర్చీలో స్టేషనమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఎవరో అట్టపెట్టెలో ఇంకా కళ్లు తెరవని పిల్లికూనల్ని షెల్టర్ గుమ్మంలో వదిలేశారు. తల్లి లేదు. గంటగంటకీ సీసాతో పాలు పట్టాలి. అంతమందికి పట్టడం ఒక్కరి వల్ల కాదని డాక్టరమ్మ ఇద్దరు వియ్యపురాళ్లనూ పక్కపక్కన కూర్చోబెట్టింది. స్టేషనమ్మ ఒక కూనను పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకుని సీసా అందించింది. పాలు ముక్కులోకి పోయి, అది ఉక్కిరిబిక్కిరై తుమ్మింది.

"అయ్యో, అలా కాదు. బోర్లా పట్టుకోవాలి," అంది టైలరమ్మ. "తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలాగే. పొట్ట కిందికి, తల కాస్త పైకి. సీసా మీరు నొక్కకండి, దాన్నే లాక్కోనివ్వండి."

స్టేషనమ్మ మళ్లీ ప్రయత్నించింది. కూన మూతి తిప్పేసుకుంది. ఎన్ని తియ్యటి మాటలు చెప్పినా చెవులింకా తెరుచుకోని ఆ ప్రాణికి ఏం వినబడుతుంది? టైలరమ్మ దాన్ని తీసుకుని, గరుకు వేలితో దవడ కింద రెండుసార్లు రాసి, తన సీసా అందించింది. అది ఆ వేలికే అతుక్కుపోయి, చెవులు ఆడిస్తూ గుటగుటా తాగడం మొదలుపెట్టింది.

"మీ దగ్గరైతే బాగా తాగుతోంది," అంది స్టేషనమ్మ.

ఆ చక్కటి గొంతులో, అడుగున, ఏదో పుల్లటి జీర ఉంది. ఇంకెవరూ పట్టుకోలేరు గానీ, టైలరమ్మ ఇట్టే పట్టుకుంది. తలెత్తి వియ్యపురాలి ముఖం చూసింది. ఆవిడ చూపు కూన మీదే ఉంది, పాలు తరగని సీసా చేతిలో బిగుసుకుని ఉంది.

టైలరమ్మ వెంటనే కూనను వెనక్కి ఇచ్చేయలేదు. దాని పొట్ట గుండ్రంగా ఉబ్బేదాకా తన దగ్గరే తాగనిచ్చింది. అది వదిలాక మూతి తుడిచి పెట్టెలో పడుకోబెట్టి, రెండోదాన్ని తీసి బోర్లా తిప్పి వియ్యపురాలి అరచేతిలో పెట్టింది. దాని దవడ కింద వేలు ఎక్కడ ఆనించాలో, ఆవిడ వేలు పట్టుకుని చూపించింది.